డాక్టర్ రావు ఫొటోల వెనక ఏముందో చదవడానికి వెళ్లి

సిడ్నీలోని పారమట్టాలో మా ఆఫీసులో పనిచేసే కెల్లీ ఒకరోజు ఫోన్‌లో ఒక పాత ఫొటో వెనకవైపు చూపించి, "ఇది మీ భాషేనా?" అని అడగడంతో ఈ ప్రయాణం మొదలైంది. నీలి సిరా, గుండ్రటి అక్షరాలు, అచ్చంగా మన తెలుగే. కెల్లీ వాళ్ల ఊరు బ్లూ మౌంటెన్స్ కొండలకి అవతల, పాత బొగ్గు గనుల మధ్య ఉంది. అక్కడ నలభై ఏళ్లు వైద్యం చేసిన డాక్టర్ కె. రావు చనిపోతూ ఒక పెట్టెడు ఫొటోలు వదిలి వెళ్లారట. ఆయన దగ్గర నర్సుగా చేసిన జోన్, కెల్లీకి పెద్దమ్మ. ఆవిడా, ఊరివాళ్లూ కలిసి ఊరి చరిత్రంతా పాత ఫొటోలతో పుస్తకంగా వేస్తున్నారు. వెనక రాసింది అర్థం కాక డాక్టరుగారి ఫొటోలు మాత్రం పక్కన పెట్టేశారు. నేనొచ్చి చదివి పెడతానన్నాను.

సాయం చేద్దామనే అన్నాను గానీ, లోపల తిరుగుతున్నది వేరే. రావు అంటే ఎవరైనా కావచ్చు. మరి ఆ 'కె' ఏమిటి? మేముండే ద పాండ్స్‌లో మావాళ్లకో వాట్సాప్ గ్రూపుంది. మావాళ్లంటే తెలుగువాళ్లందరూ కాదు, అందులో ఇంకా చిన్న గుంపు. మీకు అర్థమయ్యే ఉంటుంది. "అక్కడో పాత డాక్టరుండేవాడట, మనవాడేనేమో" అని అందులో పెట్టాను. "ఇంటిపేరు పట్టుకురా బ్రో" అని నిమిషంలో జవాబొచ్చింది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి కాస్త ముందు పారమట్టాలో రైలెక్కాం, నేనూ, పదో తరగతి చదివే మా అమ్మాయి నిత్యా. ఆ ఊరికి దగ్గరి స్టేషన్ లిత్‌గో చేరడానికి రెండు గంటల పైనే పడుతుంది. వారాంతం కాబట్టి ఓపల్ ప్రయాణ కార్డు మీద రోజంతా తిరిగినా పెద్దవాళ్లకు పది డాలర్లు దాటదు. కటూంబాలో టూరిస్టులంతా దిగిపోయాక పెట్టె ఖాళీ అయింది. మేం పులిహోర డబ్బా తీశాం. లిత్‌గో నుంచి ముందే చెప్పి ఉంచిన టాక్సీ, అరగంట, అరవై డాలర్లు. డాక్టర్ రావు పేరెత్తగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు. "నన్ను ఈ లోకంలోకి లాగింది ఆయనే. ముక్కు కాస్త వంకరొచ్చింది. అయినా క్షమించేశాను!" నిత్య పడీ పడీ నవ్వింది.

ఊరి చరిత్రంతా ఒక పాత బడి గదిలో ఉంది. శనివారాలు పది నుంచి రెండు దాకానే తెరుస్తారు. టికెట్ లేదు, హుండీలో ఒకటో రెండో డాలర్లు వేస్తే చాలు. దాన్ని చూసుకునే జోన్‌కి ఎనభై దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. టీ పోస్తుండగానే అడిగేశాను, కె అంటే ఏమిటని.

"కెటిల్ అనేవారు. కెటిల్ పెట్టు, చెబుతా అనేవారు. టీ తాగేసి చెప్పకుండా వెళ్లిపోయేవారు" అని నవ్వింది. తర్వాత నావైపు చూసి, "ఆఖరి ఏళ్లలో ఇక్కడికొచ్చిన మీవాళ్లందరూ మొదట అదే అడిగేవారు. ఎందుకు?" అంది.

"ఊరికే. ఏ ఊరాయనో తెలుస్తుందని" అన్నాను.

ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పడం మొదలుపెట్టాం. మెయిన్ వీధిలో మోకాలిలోతు వరద, పడవలో తెల్ల టోపీతో కుర్ర నర్సు. వెనక, "జోన్ గారు. భయపడలేదు." గారు అంటే మర్యాద అని చెప్పాను. "ఎదురుగా ఉంటే జోనీ అని అరిచేవారు, రాతలో ఇంత మర్యాదా!" అంటూ కళ్లు తుడుచుకుంది. గని గేటు ముందు మసి మొహాల మనుషులు పదకొండుమంది, ఒక్కొక్కరి పేరు పక్కనా గారు. ఆవిడ ప్రతి పేరూ రాసుకుంటోంది. నేనేమో ఇంటిపేరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని గబగబా తిప్పుతున్నాను.

ఆఖరి ఫొటోలో ఆయనే. ఆసుపత్రి వరండాలో, చేతిలో టీ కప్పు. వెనకది పైకే చదివాను. "ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్లు. నా ఇంటిపేరు ఎవరూ అడగలేదు. ఇక్కడే ఉండిపోతాను."

"ఏమని ఉంది?" అంది జోన్.

"వచ్చి ఎనిమిదేళ్లయిందట. ఊరు నచ్చిందట. ఇక్కడే ఉండిపోతాడట."

జోన్ పెన్సిలుతో రాసుకుంది. నిత్యకి తెలుగు చదవడం రాదు గానీ వింటే అర్థమవుతుంది. "నాన్నా, మధ్యలో ఇంటిపేరని ఏదో చదివావ్. యూ స్కిప్డ్ ఇట్."

పెన్సిల్ ఆగిపోయింది. ఇక తప్పించుకోవడానికి దారి లేదు. ఇంటిపేరు తెలిస్తే మాకు కులం తెలుస్తుందని, అందుకే అడుగుతామని, పొద్దున నేనడిగిందీ అందుకేనని చెప్పాను. చెబుతున్నంతసేపూ నిత్య వైపు చూడలేకపోయాను.

జోన్ తను రాసింది రబ్బరుతో చెరిపి, "మళ్లీ చెప్పు. ఒక్క మాట కూడా వదలొద్దు" అంది. చెప్పాను. అంతా రాసుకుని ఆ ఫొటో చేతిలోకి తీసుకుంది. "రిటైరయ్యాక సిడ్నీ వెళ్లిపొమ్మని నేనే పోరేదాన్ని. అక్కడ మీవాళ్లుంటారు, తోడుగా ఉంటారు అనేదాన్ని."

తిరుగు రైల్లో నిత్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధం చెప్పినందుకు ఒక సిగ్గు, కూతురి ముందు దొరికిపోయినందుకు ఇంకోటి. అసలుది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. ఆ వాక్యం చదవగానే నాకు ముందు తోచింది ఆయన పడిన బాధ కాదు. 'అయితే ఈయన మావాడు కాడన్నమాట' అని తోచింది.

మీరూ వెళ్లేట్టయితే తిరుగు టాక్సీ కూడా ముందే చెప్పి పెట్టుకోండి, అక్కడ అప్పటికప్పుడు దొరకదు. రెండింటి దాకా జోన్ దగ్గర కూర్చుని, డాక్టరుగారు ఎలాంటి మనిషో అడగండి. మూడు గంటలు ఆవిడ ఎదురుగా కూర్చుని, నేనది అడగనేలేదు.