జేబు లేనివాళ్ల చెవి మిషను

మా కోడలు ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో ఏదో యాప్ బాధ్యత చూస్తుంది. వారంలో సగం రోజులు భోజనాల బల్ల మీదే కంప్యూటరు పెట్టుకుని మీటింగులు నడుపుతుంది. మొన్నొక ఉదయం నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఆ అమ్మాయి నోట యూజర్ అన్న మాట అదే పనిగా వినిపించింది. యూజర్‌కి ఇది నచ్చదు, యూజర్ ఇక్కడ ఆగిపోతున్నాడు, ముందు యూజర్ గురించి ఆలోచించండి. మీటింగు అయ్యాక, ఇంతకీ ఆ మనిషిని నువ్వెప్పుడైనా చూశావా అని ఊరికే అడిగాను. నవ్వేసి, చూడక్కర్లేదత్తయ్యా, అంతా తెర మీదే తెలిసిపోతుందంది. ఆ అమ్మాయి తప్పేమీ అనలేదు. అయినా ఆ పూట నాకు చేతిలో పని నిలవలేదు. వంటింటికీ వరండాకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. వయసులో ఉండగా నాకీ కాలు నిలవని జబ్బు బాగా ఉండేది, అది మళ్లీ లేచినట్టయింది.

తొంభైల మొదట్లో, ఈ ఊరు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజుల్లో, నేను గిండీలో చెవి మిషన్లు చేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, అప్పటి చెవి మిషను అంటే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో దోపుకునే బిళ్ల. శబ్దాన్ని పట్టుకునే మైకు ఆ డబ్బాలోనే ఉండేది. కొత్త మోడలు ఎలా ఉండాలో తేల్చి యజమానికి చెప్పడం నా ఉద్యోగం. పేరుకు పెద్ద పనే గాని, అక్కడ ఇంజనీర్లందరూ మగవాళ్లు, నా మాట వింటున్నట్టే ఉండి ఎవరి పని వాళ్లు చేసుకుపోయేవాళ్లు.

ఆ ఏడాది మమ్మల్ని ఒక చిక్కు పట్టుకుంది. అమ్మిన మిషన్లు వెనక్కి వస్తున్నాయి. ఏమీ వినపడటం లేదని ఇచ్చేసి పోతున్నారు. మేం పరీక్ష చేస్తే అవి నిక్షేపంగా పనిచేస్తున్నాయి. శబ్దం చాలడం లేదు, ఇంకా పెంచుదామన్నారు ఇంజనీర్లు. యజమాని అందుకు ఒప్పుకుని, ఎక్కువ శబ్దమిచ్చే కొత్త మోడలు డబ్బాకు పోత అచ్చు చేయించడానికి సిద్ధమయ్యారు. నాకు మాత్రం ఎక్కడో నమ్మకం కుదరలేదు. కుర్చీలో కూర్చోబుద్ధి అయ్యేది కాదు, అన్నం సహించేది కాదు.

దానికి ఇంకో కారణం మా పెద్దమ్మ. అమ్మకు అక్క. మాది తరాలుగా ఈ నేలలో పాతుకుపోయిన తెలుగు కుటుంబం, ఆవిడ టి. నగర్ సందుల్లో ఒక అద్దె ఇంట్లో కొడుకూ కోడలితో ఉండేది. వయసులో సినిమా పాటలకు కోరస్ పాడేది. పదిమంది గొంతుల్లో తన గొంతు ఏదో మాకు చెప్పి మురిసిపోయేది. అటువంటి మనిషికి యాభై దాటాక చెవులు మందగించాయి. మా కంపెనీ మిషను నేనే తెచ్చి ఇచ్చాను. కొన్నాళ్లకు చూస్తే అది తమలపాకుల పెట్టెలో పడి ఉంది. ఎవరేమన్నా పెద్దమ్మ చిరునవ్వు నవ్వి తలూపేది. అడిగినదానికీ అదే, అడగనిదానికీ అదే. పాపం, ఆవిడకు మతి కూడా తగ్గుతోందని చుట్టాలు గుసగుసలాడుకోవడం మొదలైంది.

ఆఫీసులో కూర్చుంటే ఇది తేలదనిపించి, మా మిషన్లు కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. ఎవరూ పంపలేదు, ఎవరూ ఆపలేదు. బస్సుల్లో నిలబడి, ఎండలో సందులు వెతుక్కుంటూ, ఒక ఇంట్లో నుంచి బయటపడేసరికే తర్వాతి ఇంటికి పరుగు. తిరగ్గా తిరగ్గా ఒక సంగతి కంటపడింది. మగవాళ్లు ఎక్కువమంది సణుగుతూనే అయినా పెట్టుకుంటున్నారు. ఆడవాళ్ల మిషన్లు మాత్రం అలమరల్లో, బియ్యం డబ్బాల్లో, దేవుడి పటం వెనకాల ఉన్నాయి. ఎందుకు పెట్టుకోరమ్మా అంటే అలవాటు కాలేదనేవాళ్లు, మిషను గురించి అంతకు మించి నోరు విప్పేవాళ్లు కాదు.

రాయపురంలో చేపలమ్మే ఒకావిడ మాత్రం మిషను పెట్టుకునే బేరాలాడుతోంది. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని ఉంది, ఆ పక్కన పనిచేసే ఆడవాళ్లు చాలామంది అలాగే తొడుక్కుంటారు. డబ్బా ఆ చొక్కా జేబులో ఉంది. చాలాసేపు ఆ జేబు వంకే చూస్తూ నిలబడ్డాను. చేప కావాలా వద్దా అని ఆవిడ అరవంలో కసురుకుంటే, ఏదో ఒకటి కొనుక్కుని వచ్చేశాను.

మరుసటి రోజు నేనే మిషను పెట్టుకుని, డబ్బాను జాకెట్టులో దోపుకుని, పైట సర్దుకుని బస్సెక్కాను. కదిలితే గరగర, ఊపిరి పీలిస్తే గరగర. కండక్టరు ఏమడిగాడో తెలియక ఊరికే తలూపాను. తలూపాక గాని పెద్దమ్మ గుర్తు రాలేదు. దిగాల్సినచోట దిగకుండా నేరుగా టి. నగర్ వెళ్లి, మిషను ఆవిడ ముందు పెట్టి, నిజం చెప్పమన్నాను.

“మీ మాటలేడ ఇనిపిస్తాయి అమ్మణ్ణీ, నా కోక సప్పుడే నాకు ఇనిపిస్తా ఉండాది. అదీగాక మొగోళ్లు గూడా ఈ డబ్బా కాడికి, రొమ్ము మీదికి వంగి మాట్లాడతారు. నాకు సిగ్గుగా ఉండదా?” అంది పెద్దమ్మ.

ఆ సిగ్గు సంగతి నాకు తట్టనే లేదు. ఆఫీసుకొచ్చి యజమానికి అంతా చెబితే, ఆయన కళ్లజోడు తీసి నావంక చూసి, “అయితే ఏమ్మా, మిషనుతో పాటు చొక్కా గూడా ఇస్తామా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ నవ్వు అయ్యేలోపే ఇంజనీర్లలో కాస్త మెత్తని మనిషిని పట్టుకుని, మైకును డబ్బాలోంచి విడదీసి, చిన్న క్లిప్పుతో భుజం మీద పెట్టుకునేట్టు చేసిపెట్టమని వెంటపడ్డాను. పైటకు పిన్ను పెట్టుకునే చోటన్నమాట, అక్కడ బట్ట కదలదు. డబ్బా నడుము దగ్గర దోపుకోవచ్చు. రెండు తీగలైతే ఎవరు పెట్టుకుంటారని ఆయన విసుక్కున్నాడు, విసుక్కుంటూనే ఒకటి చేసి ఇచ్చాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని పెద్దమ్మకు పెట్టాను. ఆవిడ కొడుకూ కోడలూ, అంటే మా అన్నా వదినా, అక్కడే కూర్చుని, అలవాటు ప్రకారం ఆవిడ ఎదుటే ఇల్లు మారే ముచ్చట్లు మాట్లాడుకుంటున్నారు. ఆ ఇంటిని ఎవరో చీరల కొట్టుకోసం కొన్నారు, అందుకని మాధవరంలో వేరే ఇల్లు చూసుకున్నారు. పెద్దమ్మ హార్మోనియం అక్కడ పెట్టడానికి చోటుండదు, ఎవరికైనా ఇచ్చేద్దామంటోంది వదిన. పెద్దమ్మ కాఫీ లోటా కింద పెట్టింది.

“మాధవరానికి ఎవురు పోతా ఉండేది?”

అన్న గతుక్కుమన్నాడు. “మనమే గదమ్మా. పోయిన నెల అడిగితే సరి అంటివే.”

“నేను అన్నిటికీ సరే అంటా ఉంటిని గదా నాయనా. ఇనబడకపోతే ఇంకేమనేది?”

వదిన ముఖం ఎర్రబడింది. నాకు సంతోషం కలగాలి నిజానికి, నేను చేయించిన వస్తువు పనిచేసింది. కాని ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆవిడ ఏమేమిటికి తలూపిందో, ఇప్పుడు ఒక్కొక్కటే బయటపడుతుంది గదా అనిపించింది. అక్కడ కూర్చోలేక లేచి కాఫీ గిన్నెలు కడిగాను.

ఇల్లు మారక తప్పలేదు. అయితే పెద్దమ్మ వీధివైపు గది కావాలని పట్టుబట్టి తీసుకుంది, హార్మోనియం ఆవిడతోనే వెళ్లింది. ఆ తర్వాత చాలాకాలం ప్రతిదానికీ ఎందుకూ ఏమిటీ అని అడిగేదట. నీ మిషను మా అత్తను వకీలును చేసిపెట్టిందని వదిన సగం నవ్వుతూ సగం మండిపడుతూ అనేది.

కంపెనీలో మాత్రం పెద్ద గెలుపేమీ లేదు. యజమాని అనుకున్న మోడలు అనుకున్నట్టే వచ్చింది. భుజం మైకును విడిగా, కావలసినవాళ్లకు అమ్ముదామన్నారు. మెల్లగా కొట్లవాళ్లు ఆడవాళ్ల మిషను ఉందా అని అడగడం మొదలుపెట్టారు, అప్పుడుగాని ఆయన రెండోసారి చేయించలేదు. నేను అక్కడ ఎక్కువకాలం నిలవలేదు, ఇంకో కంపెనీ, ఇంకో వస్తువు. తర్వాత చెవి వెనకాల ఇమిడిపోయే విదేశీ మిషన్లు వచ్చాయి, మా డబ్బాలకు కాలం చెల్లి కంపెనీయే మూతపడింది. మాధవరం వెళ్లాక పెద్దమ్మ చాలా ఏళ్లు బతికింది.

ఇప్పుడు ముందు ఫోను చేయకుండా ఒకరి తలుపు తట్టగలమా? అప్పుడు ఎవరో తెలియని పిల్ల చెప్పులు విడిచి లోపలికి వస్తే, ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత పేరడిగేవాళ్లు. ఎదురుగా కూర్చుని నీకెక్కడ ఇబ్బందిగా ఉందమ్మా అని అడిగితే, మిషను సంగతి ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు, మిగతా మాటల్లో పడ్డాక మాత్రం ఆగేవాళ్లు కాదు. కోడలి మాట, పోయిన మనిషి మాట, మోకాళ్ల నొప్పి, ఎప్పుడో చిన్నప్పుడు విన్న జోలపాట. తర్వాతి ఇంటికి ఆలస్యమవుతోందని నా కాళ్లు ఒకపక్క గడపవైపు లాగుతుండేవి. ఆ పై మాటలేవీ ఏ మోడలుకూ పనికిరాలేదు. మిషన్ల లెక్కలన్నీ మరిచిపోయాను గాని, ఆ మాటలు మాత్రం ఎవరి గొంతులో విన్నవి వాళ్ల గొంతులోనే ఇంకా వినిపిస్తున్నాయి.