భూతద్దం మాస్టారు పైకి చదవని లేబుల్

మా సైన్సు మాస్టారు లేబుల్ చదవకుండా మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. వేళాకోళానికి అంటున్నాననుకునేరు. నీళ్ళ సీసా మీద కూడా ఏదో ఒకటి రాసుంటుంది కదా, అదీ చదివేవారు. ఆయన మెడలో ఓ తాడుకి సైన్సు ల్యాబులోని భూతద్దం వేలాడుతుండేది. బిస్కెట్ పొట్లం కనిపిస్తే చాలు, వెనక్కి తిప్పి, భూతద్దం ఆనించి, పిల్లలకి పాఠం చదివినట్టు పైకి చదివేవారు. "గోధుమ పిండి... చక్కెర... ఆఁ, ఇదిగో, పాలపొడి!" అనేసి దొంగని పట్టుకున్న పోలీసు మొహం పెట్టేవారు. అందుకే భూతద్దం మాస్టారని పేరొచ్చింది. ఆ పేరు పిల్లలు పెట్టారని నేను ఊరంతా చెప్పాను గానీ, పెట్టింది నేనే.

ఈయన మాంసం తినరు, గుడ్డు తినరు. అక్కడితో ఆగుంటే నాకు తోడబుట్టినవాడితో సమానం. ఆగలేదే! పాలు తాగరు, పెరుగు ముట్టరు, వెన్న తగిలిన రొట్టె తినరు. తేనె అంటే, "పాపం, అది తేనెటీగల కష్టార్జితం టీచర్" అంటారు. తోలు చెప్పులు వేసుకోరు. వాన రోజుల్లో గుడ్డ బూట్లతో తడిసి వచ్చి, స్టాఫ్ రూము కిటికీ చువ్వలకి మేజోళ్ళు ఆరేసేవారు. వాటి కింద కూర్చుని మేం కాపీలు దిద్దుకునేవాళ్ళం.

నేను రిటైరై ఆర్నెల్లయింది. ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పాను. ప్రపంచంలో ఏ నది ఎటు పారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతా. నా బల్లకి మూడడుగుల అవతల కూర్చున్న మనిషి ఎలాంటివాడో తెలుసుకోడానికి మాత్రం పదకొండేళ్ళు పట్టింది. ఆయన విషయంలో నేను చేసింది తప్పు. అది ఆయన ముందు ఒప్పుకుందామంటే నోరు పెగిలేది కాదు. పిల్లల్ని మాత్రం చిన్న చిన్న తప్పులకి కూడా నిలబెట్టి ఒప్పించాను!

మా స్టాఫ్ రూములో రెండు బల్లలు. కిటికీ పక్కది మాంసాహారులది, దానికి పెద్ద మా పీటీ మాస్టారు. నీళ్ళ ఫిల్టరు పక్కది శాకాహారులది. దానికి పెద్ద ఎవరో వేరే చెప్పాలా? పీటీ మాస్టారు డబ్బా మూత తియ్యగానే నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేదాన్ని. "టీచర్, ఇవాళ ఉత్త బంగాళాదుంపేనండీ" అన్నా సరే, తీసేదాన్ని కాదు.

భూతద్దం మాస్టారు వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం, డబ్బా పట్టుకుని రెండు బల్లల మధ్య నిలబడ్డారు.

"మాస్టారూ, మీరు మాంసం..."

"తిననండీ."

"గుడ్డు?"

"తిననండీ."

"రండి రండి రండి!"

కుర్చీ నేనే దులిపి వేశాను. ఇంకో ఓటు మాకే పడిందన్నట్టు పీటీ మాస్టారి వైపు ఓ చూపు విసిరాను. నా పెరుగు గిన్నె ఆయన ముందుకి జరిపాను. "వేసుకోండి, ఇంట్లో తోడు పెట్టింది. చాకుతో కొయ్యొచ్చు!"

ఆయన గిన్నెని అటూ ఇటూ తిప్పారు. లేబుల్ లేదు. భూతద్దం వదిలేసి, ఎంతో మర్యాదగా, "ఇది దూడ తాగాల్సింది కదా టీచర్" అన్నారు.

లెక్కల టీచరు చెంచా గాల్లోనే ఆగిపోయింది. కిటికీ దగ్గర పీటీ మాస్టారికి నవ్వుతో పొలమారింది.

"అంటే? నేను దూడ నోటి దగ్గరిది లాక్కుంటున్నాననా?"

"అలా అని కాదండీ..."

"మరెలా అనండీ?"

ఆయన కాసేపు ఆలోచించి, "అలాగేనండీ" అన్నారు. అబద్ధం రాదు పాపం, ఏం చేస్తారు?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంత కోపమొచ్చిందో అప్పుడు తెలీలేదు, ఇప్పుడు తెలుస్తోంది. ఇన్నేళ్ళూ పీటీ మాస్టారి డబ్బా వంక నేను చూసిన చూపే ఆ రోజు నా పెరుగు గిన్నె మీద పడింది. మెట్టు మీద నిలబడి కిందకి చూడ్డం అలవాటైనదాన్ని. నా పైన ఇంకో మెట్టుందని ఒకాయన వచ్చి చెబితే ఊరుకుంటానా?

"మాస్టారూ, ఈ బల్ల మీద రోజూ పాలూ పెరుగూ ఉంటాయి. మీకు ఇబ్బంది" అన్నాను.

"ఇటొచ్చెయ్యండి మాస్టారూ!" అని కేకేశారు పీటీ మాస్టారు. "ఇక్కడ అందరం పాపులమే, ఎవరు తక్కువో ఎవరు ఎక్కువో మీరు లెక్క చూసుకునే పనుండదు!"

అలా మా బడిలో అందరికంటే పరమ శాకాహారి ఎనిమిదేళ్ళపాటు మాంసం డబ్బాల మధ్య కూర్చుని ఉడకబెట్టిన శనగలు తిన్నారు. అక్కడా అలవాటు మానలేదు. పీటీ మాస్టారు కావాలనే పొట్లం చేతికిచ్చేవారు. "చదవండి మాస్టారూ, ఇందులో ఏముందంటారు?"

"కోడి."

"అయ్యబాబోయ్, నిజమా! తెలిస్తే రెండు కొనేవాణ్ణే!"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. మా బల్ల మీద మేం నలుగురం, ఎవరి పెరుగు వాళ్ళు, మూతులు ముడుచుకుని తినేవాళ్ళం.

ఓసారి హెడ్మాస్టారికి దగ్గు పట్టుకుంది. మీటింగు మధ్యలో జేబులోంచి మందు అట్ట తీసి, ఓ క్యాప్సూల్ నోట్లో వేసుకోబోతున్నారు. ఈయన లేచి, ఆ అట్ట అందుకుని, భూతద్దం పెట్టి, "సార్, ఈ క్యాప్సూల్ గొట్టం జెలటిన్‌తో చేశారు. అంటే పశువుల ఎముకలూ తోలూ ఉడకబెట్టి తీసిన బంక" అని చదివేశారు. హెడ్మాస్టారు కూడా మా బల్ల మనిషే.

"దగ్గు... ఖళ్ళు... తగ్గాక... ఖళ్ళు... చెప్పొచ్చు కదయ్యా!"

పాపం, ఆయనకి ఆ మందు ఇంక గొంతు దిగలేదు. ఇంకో మందు దొరికేదాకా వారం రోజులు దగ్గుతూనే ప్రార్థన చేయించారు. భూతద్దం మాస్టారు ఆ వారమంతా తలొంచుకుని తిరిగారు. నేను మాత్రం, "చదవండి మాస్టారూ, ఇంకా ఎవరి మందులైనా మిగిలాయా?" అని పొడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నా జెల్లీ బిళ్ళల సంగతి జరిగింది. నా సొరుగులో ఎప్పుడూ ఓ గాజు సీసా నిండా జెల్లీ బిళ్ళలుండేవి. ఎర్రవి, పచ్చవి, నారింజ రంగువి. నోట్లో వేసుకుంటే మెత్తగా సాగేవి. మ్యాపులో నది సరిగ్గా చూపించిన పిల్లకి ఒకటి, చూపించేలా పాఠం చెప్పినందుకు నాకు రెండు! నెల మొదట్లో అటెండరు పెద్దన్న వెళ్ళి కొనుక్కొచ్చి సీసా నింపేవాడు. ఓ రోజు ఖాళీ పొట్లం బల్ల మీద మిగిలిపోతే, అలవాటుగా మాస్టారు అందుకుని భూతద్దం ఆనించారు. చదివారు. మళ్ళీ చదివారు. నా వంక చూశారు. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒక్క ముక్క మాట్లాడలేదు.

"చూశారా!" అని అరిచాను నేను. "ఇన్నాళ్ళకి నా బిళ్ళల్లో తప్పు దొరకలేదు మహానుభావుడికి!"

చిత్రంగా, ఆ మరుసటి నెల నుంచీ బిళ్ళల రుచి మారిపోయింది. సాగడం పోయింది, పుటుక్కున తెగుతున్నాయి. "మాస్టారి దిష్టి తగిలింది" అన్నాను అందరి ముందూ. "కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నారు" అని కూడా అన్నాను. చివరికి కంపెనీకి రెండు పేజీల ఉత్తరం రాశాను, ఎర్ర సిరాతో! పోస్టాఫీసు ఆయన దారిలోనే ఉంది కాబట్టి, ఆ కవరు ఆయన చేతికే ఇచ్చాను. "తప్పకుండా టీచర్" అని పుచ్చుకున్నారు. జవాబు రాలేదు. కంపెనీకి సిగ్గు లేదనుకున్నాను.

ఆయన రిటైరైన రోజు విందు బాధ్యత నాది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెబుతున్నా. వెన్న పూసిన కేకు, పాలతో స్వీటు, పెరుగు పచ్చడి. ఆయన తినగలిగింది ఒక్కటీ లేదు. మర్చిపోయానని అందరితో అన్నాను. మర్చిపోలేదు. మైకు పట్టుకుని, పూలగుత్తి చేతికిస్తూ, "ఇది తినొచ్చు మాస్టారూ, దీనికి లేబుల్ లేదు!" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. పీటీ మాస్టారు ఒక్కరే నవ్వలేదు. లేచి బయటికెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

వెళ్ళేముందు ఆయన నా దగ్గరికొచ్చి, "టీచర్, ఒక్కసారి మీ బల్ల దగ్గర కూర్చుని వెళ్ళనా?" అన్నారు.

"పెరుగు గిన్నె మూత తీసుంది మాస్టారూ, మీకు పడదు" అన్నాను, హాస్యంగా.

"అవునవును" అని సంచి తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్క క్షణం! "కూర్చోండి" అనడానికి ఒక్క క్షణం పట్టేది.

నేనింకో మూడేళ్ళు చేశాను. బిళ్ళలు తెగుతూనే ఉన్నాయి. కిందటి నెల్లో ఇంట్లో ఏమీ తోచక, బడి పక్క దుకాణానికి నేనే వెళ్ళి ఓ పొట్లం కొన్నాను. ఒకటి నోట్లో వేసుకుంటే, సాగింది! పాత రుచి! అక్కడే గంతు వేసినంత పని చేశాను.

"నా ఉత్తరం పనిచేసిందయ్యా!" అన్నాను దుకాణదారుతో.

"ఏ ఉత్తరమమ్మా? ఈ బిళ్ళలు నేను దుకాణం పెట్టినప్పట్నించీ ఇంతే. రవ్వంత కూడా మారలేదు."

ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి, జీవితంలో మొదటిసారి లేబుల్ చదివాను. చక్కెర. రంగు. జెలటిన్.

హెడ్మాస్టారి దగ్గు చెవుల్లో వినిపించింది.

పెద్దన్నకి ఫోన్ చేశాను. బిళ్ళల సంగతి అడిగాను. "చెప్పొద్దన్నారు టీచరమ్మా. మాస్టారే నెలనెలా ఊరికి ఆ చివర ఏదో కొట్టు నుంచి పళ్ళ గుజ్జుతో చేసిన బిళ్ళలు తెచ్చేవారు. నేను సీసాలో పోసేవాణ్ణి."

"మరి ఆయన రిటైరయ్యాక?"

"అప్పుడూ తెచ్చారమ్మా. సైకిలు గేటు దగ్గర ఆపి, నా చేతికిచ్చి వెళ్ళిపోయేవారు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు."

"నాకెందుకు చెప్పొద్దన్నారు?"

"'టీచరు ఇరవై ఏళ్ళపైన తిన్నారు, ఇప్పుడు తెలిస్తే ఆవిడకి అన్నం సహించదు' అన్నారమ్మా."

ఫోన్ పెట్టేశాను. ప్రపంచంలో అందరి లేబుళ్ళూ పైకి చదివిన మనిషి, నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యగలిగిన ఒకే ఒక్క లేబుల్‌ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మైకు పట్టుకున్న రోజున కూడా!

మర్నాడు వేరుశనగపప్పూ ఖర్జూరాలూ దంచి ఉండలు చేశాను. మొదటి విడత అలవాటు కొద్దీ చేతికి వెన్న రాసుకుని చుట్టేశాను. పక్కింటివాళ్ళకిచ్చాను. రెండో విడతలో తేనె పోశాక తేనెటీగలు గుర్తొచ్చాయి. ఇంకో పక్కింటివాళ్ళకిచ్చాను. మూడో విడత డబ్బాలో పెట్టుకుని ఆయన ఇంటికి బయల్దేరాను.

తలుపు తీసింది ఆయన భార్య. చేతిలో నురగలు కక్కుతున్న పాల గ్లాసు! నేను నోరు తెరిచాను.

"నేను తాగుతానమ్మా" అందావిడ నవ్వుతూ. "పెళ్ళైనప్పట్నించీ తాగుతున్నా. వద్దనరు. పాకెట్టు మీది లేబుల్ మాత్రం రోజూ చదివి వినిపిస్తారు."

లోపల మాస్టారు భోజనాల బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ దులిపి వేశారు. నేను కూర్చోలేదు. పాఠం రాని పిల్లలా నిలబడ్డాను.

"మాస్టారూ, ఇరవై ఏళ్ళు ఎముకల బంక నమిలినదాన్ని. మిమ్మల్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు."

ఆయన చిక్కుడుకాయ అలాగే పట్టుకున్నారు. "పెద్దన్న చెప్పేశాడన్నమాట."

"తప్పు చేశాను."

"నేనూ చేశాను టీచర్. మొదటి రోజు ఆ దూడ మాట. మాట నిజమే. కానీ ప్రేమగా గిన్నె జరిపిన మనిషితో, నోట్లో ముద్ద ఉండగా అనాల్సింది కాదు. హెడ్మాస్టారు దగ్గాక గానీ నాకది బుర్రకెక్కలేదు. అప్పటికి మీ బల్ల దగ్గర నా కుర్చీ పోయింది. కనీసం మీ బిళ్ళలైనా మీకు మిగలాలనుకున్నా."

అప్పుడు కూర్చున్నాను. కూర్చోకపోతే ఏడ్చేసేదాన్ని. ఆవిడ టీ పెట్టబోతే, "నాకు పాలు లేకుండా" అన్నాను గొప్పగా. ఒక్క గుక్క తాగి, "అబ్బే, కొంచెం పాలు పొయ్యండమ్మా" అన్నాను. మాస్టారి చెయ్యి భూతద్దం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది, నేను చూశాను.

డబ్బా మూత తీసి ఆయన ముందుకి జరిపాను. ఆయన అటూ ఇటూ తిప్పారు.

"లేబుల్ లేదు టీచర్."

"నన్నడగండి, చెబుతాను."

ఆయన అడగలేదు. మెడలోంచి తాడు తీసి, భూతద్దం బల్ల మీద బోర్లా పెట్టి, ఓ ఉండ తీసి నోట్లో వేసుకున్నారు. వంటింటి గుమ్మంలో ఆవిడ గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయింది. ఆయన చాలాసేపు నమిలారు. కటుక్కుమని శబ్దమొచ్చింది. ఖర్జూరం గింజ తియ్యడం మర్చిపోయానేమో!

"ఎలా ఉన్నాయి మాస్టారూ?"

"కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నారు టీచర్" అన్నారు, మొహంలో ఏ మార్పూ లేకుండా. సొరుగు లాగి ఓ పాత కవరు తీసి నా ముందు పెట్టారు. అంటించిన స్టాంపు అంటించినట్టే ఉంది. పైన ఎర్ర సిరాతో నా చేతిరాత.

"ఫిర్యాదు రాసిపెట్టే ఉంది" అన్నారు. "అడ్రసు ఒక్కటే మార్చి, మీ ఇంటికి పోస్టు చేస్తా!"