సలోమి మోయని సంచి

సిర్గాపూర్ సలోమికి పరుగంటే భయం లేదు. భయమల్లా ఇసుక సంచితోనే.

కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష రాబోతోంది. నారాయణఖేడ్ మైదానంలో అమ్మాయిలకు తర్ఫీదు ఇచ్చే మాజీ సైనికుడు థామస్ ఆమెను రోజూ తిట్టేవాడు.

"ఊపిరి మస్తుగున్నది. ఆఖరి సుట్టుకే కాళ్లు వంగుతున్నయ్. ఉత్తగ ఉరికితే సాలది పిల్లా, బరువు గూడ మొయ్యాలె."

అందుకని ఒకనాడు పరుగు, మరునాడు ఇసుక సంచి మోస్తూ మెట్లెక్కడం.

సంచి కనబడితే చాలు, సలోమి ముఖం మాడిపోయేది. దసరా దాటగానే తల్లి లీలమ్మ వెంట కర్ణాటక వైపు చెరుకు నరకడానికి పోయి, లారీకి ఆనించిన చెక్క పలక మీదుగా చెరుకు మోపులెక్కించిన పిల్ల. మోపును తొడ మీదికి తెచ్చి ఒక్క ఊపున నెత్తికెత్తడం లీలమ్మే నేర్పింది. లీలమ్మ చనిపోయి ఏడాది కూడా కాలేదు. సంచిని అలా ఎత్తడం చూస్తే, తనతో తర్ఫీదుకు వచ్చే టౌన్ పిల్లలు చెరుకు కూలి అని ఇట్టే కనిపెట్టేస్తారు. తమకు ఊళ్లో కిరాణా దుకాణం ఉందని వాళ్లతో చెప్పుకుంది మరి! అందుకే కావాలని తడబడేది, సంచిని జారవిడిచేది.

"చేతులా, దూది పెట్టుకున్నవానే?" అని నవ్వుతూనే, తనతోపాటు అదే పరీక్షకు తయారవుతున్న స్నేహితురాలు నిరోష, సార్ అటు తిరిగినప్పుడు ఆ సంచిని కూడా తానే ఎత్తుకునేది. ఒకరోజు రెండు సంచులతో మెట్టెక్కుతూ నడుం పట్టేసి కూలబడింది. ఈ యేడు పరుగు మాటే ఎత్తొద్దన్నారు దవాఖానలో.

మరుసటి వారం నిరోష కర్ర పట్టుకుని మైదానానికి వచ్చి అరుగు మీద కూర్చుంది. సలోమి తువ్వాలను చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుంది. సంచి తొడ మీదికొచ్చింది, నెత్తికెక్కింది. అందరూ చూస్తుండగా మెట్లన్నీ ఎక్కి దిగి, నిరోష ముందు నిలబడింది.

"దుకాణం లేదు, ఏం లేదు. మేం చెర్కు నరకనీకి పోతుంటిమి."

"అయితే ఏంది? మా అవ్వ పత్తి ఏరతలేదా?" నిరోష కర్ర ఊతంగా లేవబోయి మళ్లీ కూర్చుంది. "గంత బలం పెట్టుకొని, నాతోని మోయించినవా?"

సలోమి తల వంచుకుంది. చెరుకు సంగతి బయటపడితే సిగ్గుతో చచ్చిపోతాననుకుంది ఇన్నాళ్లూ. అసలు సిగ్గు ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆమె పరుగూ మానలేదు, సంచీ మానలేదు. సంగారెడ్డిలో పరీక్షనాడు ఆఖరి చుట్టులో కాళ్లు వంగలేదు. ముందున్నవాళ్లను దాటుకుని, సమయం మిగిలుండగానే గీత దాటింది.

నారాయణఖేడ్‌లో బస్సు దిగి నేరుగా నిరోష ఇంటికి నడిచింది. వేడినీళ్ల సీసా నడుముకు ఆనించుకుని పడుకున్న నిరోష తల తిప్పి చూసింది.

"పాసైనవానే?"

సలోమి ఔనని తలూపి, చల్లారుతున్న సీసాను తీసుకుని వేడినీళ్లు నింపడానికి పొయ్యి దగ్గరికి పోయింది.