బేబీ మడిచిన చీటీ

లొల్ల లాకుల దగ్గర సైకిల్ షాపు నడిపే జోజిబాబుకి రెండే గర్వాలు. పంతొమ్మిదేళ్ళుగా ఏటా సైకిలు తొక్కుకుంటూ వేళాంగణ్ణి వెళ్ళి ఆరోగ్యమాత పండగ చూసి రావడం ఒకటి. తొమ్మిది వందల కిలోమీటర్ల ఆ దారిలో టీ ఎక్కడ బాగుంటుందో, ఏ వంతెన మీద ఎదురుగాలి కొడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఒక్క చీటీ కూడా పోగొట్టకపోవడం రెండోది.

ఈ చీటీల సంగతి కాస్త చెప్పాలి. బయలుదేరే రోజు పొద్దున పూజ అయ్యాక సైకిళ్ళన్నీ గుడి ముందు వరసగా నిలబెడతారు. ఫాదర్ గారు వాటి మీద పవిత్రజలం చల్లుతారు. అప్పుడు ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మాతను అడగవలసింది కాగితం మీద రాసి, మడిచి, జోజిబాబు క్యారియర్‌కి బిగించిన రేకుడబ్బాలో వేస్తారు. మోసేవాడు వాటిని విప్పకూడదు. పొరపాటున విప్పి చదివాడా, ఆ కోరిక తన కోరికగా కూడా మోకాళ్ళ మీద నిలబడి అడగాలి. అది ఎవరు పెట్టిన పట్టింపో తెలీదు గానీ ఊరంతా నమ్ముతుంది. ఒక ఏడు నెల్లూరు దగ్గర డబ్బా మూత ఊడి చీటీ ఒకటి ఎగిరిపోతే, జోజిబాబు ఆరు కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి ముళ్ళకంపలోంచి తీసుకొచ్చాడు. ఆ కథ ఊళ్ళో విననివాడు లేడు. జోజిబాబు చెప్పకుండా వదిలినవాడూ లేడు.

అతని భార్య బేబీ. యాభై మూడేళ్ళు వచ్చినా పేరు బేబీయే. పూతరేకులు తీయడంలో ఆమెకు సాటి చెప్పుకోవడానికి ఆత్రేయపురంలో కూడా నలుగురైదుగురే ఉంటారు. ఎర్రగా కాగిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ ఒక్కసారి లాగితే, అవతల మనిషి కనిపించేంత పల్చగా రేకు లేచి వచ్చేది. ఇరవై ఐదేళ్ళు ఆ సెగ ముందు కూర్చుంది. తర్వాత కాళ్ళు వాచాయి, ముఖం వాచింది, రాజమండ్రిలో డాక్టరు గారు రెండు కిడ్నీలూ అయిపోయాయన్నారు.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆటోలో బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్ళడం, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవడం. చేతి నిండా సూది పోట్లు. ఇంటికొచ్చాక వాంతులు. వీటన్నిటికంటే నీళ్ళే ఆమెను ఎక్కువ ఏడిపించాయి. ఇంటి ముందు కాలువ, కాలువ అవతల గోదావరి, ఆమెకు మాత్రం రోజుకు మూడు గ్లాసులు. ఆ మూడూ జోజిబాబే కొలిచి ఇచ్చేవాడు. నాలుగోది అడిగితే కసిరేవాడు. కసిరి, షాపులోకి వెళ్ళి, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నట్టు తల వంచుకుని కూర్చునేవాడు.

ఇరవయ్యో ఏడు అతను వెళ్ళకుండా ఉండాల్సింది. కూతురు సుప్రియ అదే మాట అంది. "అమ్మని ఇలా ఒదిలేసి ఇరవై రోజులు ఎలా ఎళ్తావు నాన్నా? అంతగా అయితే ట్రెయిన్లో ఎళ్ళిరా." జోజిబాబు ఒప్పుకోలేదు. రైలెక్కి వెళ్ళి అడిగితే అది అడిగినట్టా? ఈసారి తన సొంత కోరిక ఉంది. ఇన్నేళ్ళూ ఊరందరివీ మోశాడు, ఆ తల్లి తనకొక్కటి కాదంటుందా? రావులపాలెంలో శ్యాంబాబు అనే కంసాలి చేత వెండిరేకుతో రెండు కిడ్నీలు చేయించాడు. వేళాంగణ్ణిలో చెయ్యి నొప్పైతే చెయ్యి బొమ్మ, కాలు నొప్పైతే కాలు బొమ్మ ఇస్తారు మరి. శ్యాంబాబు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఇయ్యి జీడిపప్పుల్లా ఉన్నాయేంటండీ?" అన్నాడు. "చిన్నప్పుడు ఎలా ఉండేవో అలాగే చెయ్యండి. పాడైనట్టు వద్దు" అన్నాడు జోజిబాబు.

ఆగస్టు చివరి వారంలో బయలుదేరారు, పదకొండు మంది. బేబీ ఆటోలో గుడి దాకా వచ్చింది. కూతురి భుజం పట్టుకుని దిగి, అందరితో పాటు తనూ ఒక చీటీ డబ్బాలో వేసింది.

"నువ్వేం రాశావే? నేను అడుగుతాను కదా" అన్నాడు జోజిబాబు.

"మీరు అడిగేది మీరు అడగండి. నాది నేను అడుగుతాను. నా చీటీ మాత్రం జాగ్రత్తండి."

"పంతొమ్మిదేళ్ళలో..." అని అతను మొదలుపెట్టబోతే, "తెల్సులెండి, ముళ్ళకంప" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి అతను విజయవాడ దాకా హాయిగా తొక్కాడు.

ఆరో రోజు మధ్యాహ్నం గూడూరు దాటాక వాన పట్టుకుంది. తలదాచుకునే లోపే డబ్బాలోకి నీళ్ళు దిగాయి. రోడ్డు పక్క చిన్న గుడి వరండాలో సైకిళ్ళు ఆపి, మిగతావాళ్ళు తడిబట్టలు పిండుకుంటుంటే జోజిబాబు చీటీలన్నీ గచ్చు మీద పరిచాడు. నలభై మూడు. మడత మడతగానే ఆరబెట్టాలని అతని తాపత్రయం. జట్టులో పెద్దవాడు పెదబాబు వచ్చి, "అట్టా ఉంచితే ముద్దైపోతాయి గానీ, కొంచెం విప్పి గాలాడనీ. నువ్వు చూడబోకు, అంతే కదా" అన్నాడు.

కళ్ళు పక్కకు తిప్పుకునే ఒక్కొక్కటీ విప్పాడు. విప్పుతుంటే ఒకదాని మడత వేళ్ళకు తెలిసిపోయింది. రెండంచులూ లోపలికి మడిచి, పైనుంచి కిందికి నీటుగా చుట్టిన పూతరేకు మడత. కాగితం ఇచ్చినా ఆమె చేతికి వేరే మడత రాదు. బేబీ అక్షరాలు చూసి ఏడాది దాటింది. చూడకుండా ఉండలేకపోయాడు.

'తల్లీ, మా ఆయన నన్ను బాగు చెయ్యమని అడుగుతాడు. ఆ మాట వినకు. నన్ను తొందరగా తీసుకుపో. సూదులు ఇంక వద్దు. చాలా దాహంగా ఉంది. ఆయన్ని చల్లగా చూడు. బేబీ.'

అక్కడ నుంచి ఇంకా ఐదు రోజుల దారి. పాటలు పాడేవాళ్ళు పాడుతున్నారు, అతను వెనకాల తొక్కుతున్నాడు. ముందు కోపం వచ్చింది. నా రెక్కల మీద, నా కాళ్ళ మీద, నీ చావు నా చేతే మోయిస్తావుటే? తర్వాత భయం వేసింది. చదివేశాడు కాబట్టి ఆ కోరిక తనది కూడా. మోకాళ్ళ మీద నిలబడి బేబీని తీసుకుపొమ్మని తన నోటితో అడగాలి. అన్నిటికంటే హీనమైన సంగతి ఇంకొకటుంది. చెన్నై దాటాక చల్లటి గాలి మొహానికి కొడుతుంటే, ఆటో లేకుండా, ఆస్పత్రి వాసన లేకుండా, ఎవరికీ నీళ్ళు కొలవకుండా ఎనిమిది రోజులు గడిచాయని గుర్తొచ్చి ఒళ్ళు తేలికైంది. ఆ తేలిక తెలియగానే అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది. సైకిలు ఆపి రోడ్డు పక్కన కూర్చుని, పెదబాబు వచ్చి లేపేదాకా ఏడ్చాడు.

వేళాంగణ్ణిలో పాత మాతకుంట దగ్గర నుంచి పెద్దగుడి దాకా ఇసక దారి ఉంటుంది. మొక్కుకున్నవాళ్ళు ఆ దారిలో మోకాళ్ళ మీద నడుస్తారు. జోజిబాబు ఎండలో, కాలిన ఇసకలో అలాగే నడిచాడు. వెండి కిడ్నీలు సమర్పించాడు. నలభై రెండు చీటీలు మాత ముందున్న పెట్టెలో వేశాడు. నలభై మూడోది వేళ్ళ మధ్య పట్టుకుని, వెనకాల జనం తోస్తున్నా కదలకుండా నిలబడ్డాడు. వేస్తే ఆమె పోతుందని నమ్మకం. వెయ్యకపోతే ఉంటుందని నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాడు ఏం చేస్తాడు? చీటీ జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

తిరుగు ప్రయాణం ఎప్పటిలాగే రైల్లో, సైకిళ్ళతో సహా. ఇంటికి వచ్చేసరికి బేబీ మంచం మీద కూర్చుని ఉంది. మొహం మరింత వాచింది. ఎలా జరిగిందని గానీ, కాళ్ళు నొప్పులా అని గానీ అడగలేదు.

"నా చీటీ వేశారాండీ?"

"వేశాను."

"మీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

ఆమె కళ్ళు మూసుకుని హమ్మయ్య అంది. ఆ మర్నాటి నుంచి బేబీ ఎదురుచూడడం మొదలుపెట్టింది. మంచి చీరలు వేరుగా తీసి పెట్టింది. రేకుల కుండ సుప్రియకిచ్చి, పగలకుండా చూసుకోమంది. పొద్దునా సాయంత్రం జపమాల. నాలుగో గ్లాసు అడగడం మానేసింది. చూసినవాళ్ళు, వేళాంగణ్ణి మాత దయ, మనిషి ఎంత నెమ్మదించిందో అన్నారు. జోజిబాబు తలూపాడు.

క్రిస్మస్ వచ్చింది. సూదులు గుచ్చే చేతి నరం మూసుకుపోయి, మిషను కోసం మెడకి గొట్టం పెట్టారు. గుడ్ ఫ్రైడే నాటికి గొట్టానికి చీము పట్టి, చలిజ్వరంతో మంచం అదిరిపోయేలా వణికింది. దాన్నుంచీ తేలింది. తేలిన రోజున ఆస్పత్రి మంచం మీద అటు తిరిగి పడుకుని, "ఆవిడ కూడా నా మాట వినలేదండి" అంది. "అందరివీ వింటది. నాదే వినలేదు. ఏం పాపం చేశానో." ఇంటికి వచ్చాక జపమాల సుప్రియ చేతిలో పెట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఫాదర్ గారు పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం ఇంటికి తెస్తే నిద్రపోతున్నట్టు పడుకుంది.

చెప్పాలని జోజిబాబు ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. విననిది ఆవిడ కాదే, చేర్చనిది నేను, అని ఒక్క మాట. ఆ మాట అంటే దేవుడు మిగులుతాడు, మొగుడు పోతాడు. అనకపోతే మొగుడు మిగులుతాడు. ఇద్దరిలో ఎవర్ని మిగల్చాలో తేల్చుకోలేక, చీటీని సైకిలు సీటు కింద రెగ్జిను లోపల కుక్కి, ఆ సైకిలు మీదే తిరుగుతున్నాడు.

ఈ ఏడు ఆగస్టు మళ్ళీ వచ్చింది. పెదబాబూ, గుడివాళ్ళూ కలిసి ఇంటికొచ్చారు. డబ్బా ఎవరు మోస్తారన్నది మాట.

"నేను మొయ్యలేనండి. నన్నొదిలెయ్యండి" అన్నాడు జోజిబాబు.

లోపల మంచం మీద నుంచి బేబీ గొంతు వినిపించింది. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడుతోంది. "అదేంటండీ? మీరు కాకపోతే ఎవరు మోస్తారు?" తర్వాత వచ్చినవాళ్ళతో అంది. "ఈయనకే ఇవ్వండి బాబూ. ఈయన చీటీ చేర్చని మనిషి కాదు. నాది కూడా చేర్చారు. వినకపోవడం ఆవిడిష్టం, ఈయనదేం తప్పుంది?"

అందరూ జోజిబాబు కేసి చూశారు. అతను లేచి వెళ్ళి, కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు ముంచి తెచ్చాడు. ఆ రోజుకి అది నాలుగోది. బేబీ గ్లాసు కేసి, మొగుడి మొహం కేసి మార్చి మార్చి చూసింది.

"వద్దండీ" అంది. "మీరు కోప్పడతారు."