ఇప్పచెట్టు మీద పేరు

జ్ఞానప్రసూన మొదట ఆ గూడేనికి వెళ్ళింది సర్టిఫికెట్ కోసమే. ఆ మాట ఆమే నవ్వుతూ చెబుతుంది, ఇక మనం దాచి లాభమేముంది? అప్పుడామె తెలంగాణ సరిహద్దు అవతలి కొంటాలో బి.ఏ. రెండో ఏడు చదువుతోంది. ఆదివారాలు పల్లెలకు వెళ్ళి పిల్లలకు అక్షరాలు నేర్పేవాళ్ళకు కాలేజీ సర్టిఫికెట్ ఇస్తుందన్నారు. ఎనిమిది మంది పేర్లిచ్చారు. గొల్లపల్లి దారిలో ఓ చిన్న గూడెం వీళ్ళ వంతుకు వచ్చింది. మొదటి వారం అందరూ ఫోటోలు దిగారు. రెండో వారానికి నలుగురయ్యారు. ఎండలు మొదలయ్యేసరికి ఆమె ఒక్కతే మిగిలింది.

ఎందుకు మిగిలిందంటే, మొండిఘటం కనుక. తండ్రి చెన్నకేశవులుకు కొంటాలో కిరాణా కొట్టుంది. అడవి నుంచి వచ్చే ఇప్పపువ్వూ చింతపండూ కొంటాడు. గంపలు దించుకునే దోర్ల తెగ ఆడవాళ్ళతో కబుర్లాడుతూ ఈ పిల్ల చిన్నప్పుడే వాళ్ళ భాష పట్టేసింది. "ఇంట్ల ఏం తక్కువైందే నీకు, ఎండల పడి తిరుగుతున్నవ్?" అని తల్లి వరమ్మ సణిగితే, "నాకేం తక్కువ కాలేదమ్మా, వాళ్ళకే అయింది" అని సైకిలెక్కేది.

మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఆ ఆదివారం వెళ్ళి చూస్తే పరిచిన చాప మీద ఒక్క పిల్లా లేదు. అందరూ తెల్లారకముందే చెట్ల కిందికి చేరి పువ్వు ఏరుతున్నారు. ముందు ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత దూరం తొక్కుకుంటూ వస్తే ఇదా మర్యాద! ఆ తర్వాత వాళ్ళ గంపలు చూసి నోరు మూసుకుని, తనూ కూర్చుని ఏరింది. ఎండెక్కేసరికి పని అయిపోయింది. చదువు అక్కడే, చెట్ల కిందే సాగింది.

పలకలు చాలలేదు. అందుకని చాక్‌పీసులు పంచి, "ఎక్కడ చోటుంటే అక్కడ రాయండి. మీకిష్టమైన పేరు రాయండి" అంది. అన్న మాట ఆ పూటే మరిచిపోయింది కూడా.

పాపం, ఇప్పపువ్వు ధర తెలిసిన పిల్లే గానీ ఇప్పచెట్టు సంగతి తెలియదు. అక్కడి చెట్లకు కాగితాలుండవు. ఎవరు ఏ చెట్టు కింద ఆకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేస్తారో ఆ చెట్టు పువ్వు వాళ్ళది. ఊడ్చిన నేలే పట్టా. తాతల కాలం నుంచీ అంతే, ఎవరూ ఎక్కడా ఏదీ రాసుకోలేదు.

మరుసటి ఆదివారం గూడెం మొదట్లోనే బండి అనే అతను ఆమె సైకిలుకు అడ్డం నిలబడ్డాడు. నెమ్మదస్తుడైన రైతు. ఆ రోజు మాత్రం అతని ముఖం చూస్తే భయం వేసింది.

"ఏంది సేఠ్ బిడ్డా, చెట్ల మీద పేర్లు రాయిస్తున్నవా?"

అతని అన్న కేసా మూడేళ్ళ కింద మిర్చి కోతకని తెలంగాణ వైపు వెళ్ళి, అక్కడే జ్వరంతో పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. తల్లి మారుమనువు చేసుకుని వెళ్ళిపోతే, దేవే అనే పదేళ్ళ కూతురు బండి ఇంట్లోనే పెరుగుతోంది. అన్న చెట్టు కింద అప్పటి నుంచీ బండే ఊడుస్తున్నాడు. ఇప్పుడు ఆ చెట్టు మొదలు మీద దేవే చాక్‌పీసుతో ఏదో రాసింది.

"కాగితం మీద పేరున్నోడిదే భూమి అంటరు మీ పట్నంల. ఇయ్యాల చెట్టు మీద పిల్ల పేరు. రేపు మీ బాపు పేరా?"

గూడెం పెద్ద మాడ కూడా వచ్చాడు. గొంతు పెంచకుండా చెప్పాడు. "ఆ పేరు తుడిచెయ్ బిడ్డా. ఈ చదువు ఇయ్యాల్టితో బంద్."

"తుడిచేస్త తాతా. నాదే తప్పు. చదువు మాత్రం ఆపొద్దు, నీ కాళ్ళు పట్టుకుంట."

"ముందుగాల తుడువు."

అందరూ చెట్టు దగ్గరికి నడిచారు. జ్ఞానప్రసూన చున్నీ కొస తడిపి పట్టుకుంది. ఇరవై మంది పిల్లలు, ఇన్ని నెలల కష్టం, ఒక్క పేరు తుడిస్తే దక్కుతాయేమో. దేవే మాత్రం చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

"దీదీ, వద్దు."

"జరుగు తల్లీ, నీ పేరు పలక మీద రాసుకుందువు గాని" అంటూ పిల్ల భుజం పట్టి పక్కకు జరిపి, చున్నీ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. అక్కడున్నది దేవే పేరు కాదు. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. రాసిన పిల్లను ఏం రాశావని తను కూడా అడగలేదు!

తనే చదివి చెప్పొచ్చు. కానీ సేఠ్ బిడ్డ చదివితే ఎవరు నమ్ముతారు? అందుకని బండి కూతురు జోగేను పిలిచింది. ఎనిమిదేళ్ళ పిల్ల, అక్షరాల్లో దేవే కంటే ఓ అడుగు వెనకే.

"ఇదేందో మీ బాపుకు చదివి చెప్పమ్మా."

జోగే వేలు పెట్టి కూడబలుక్కుంది. "కే... సా." ఒక్కసారిగా తండ్రి వైపు తిరిగింది. "పెద్దబాపు పేరు, బాపూ!"

బండి దేవే వైపు తిరిగి అడిగాడు, "నీ పేరెందుకు రాయలే?"

"నేను ఈడనే ఉన్న గద చిన్నబాపూ" అంది దేవే. "బాపే రాలే. రాయి గూడ పెట్టలే."

పోయినవాళ్ళకు బాట పక్కన రాయి నిలబెట్టడం ఆ గూడెం ఆచారం. శవమే రాలేదు కదా, వచ్చే ఏడు చూద్దాం, ఆ వచ్చే ఏడు చూద్దాం అంటూ బండి మూడేళ్ళు గడిపేశాడు. దేవే అన్న ఆ మాటతో అతను ఉన్నచోటే కూలబడి, తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దుర్మార్గుడేం కాదు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, అన్న గుర్తొస్తే ఆ చెట్టు ఎవరిదో కూడా గుర్తొస్తుంది, అందుకే తలుచుకోవడం మానేశాడు.

చాలాసేపటికి లేచి, చెట్టుకు ఆనించి ఉన్న చీపురు తీసి దేవే చేతిలో పెట్టాడు.

"రేపటి సంది ఈడ నువ్వే ఊడువు."

మాడ చదువు ఊసెత్తలేదు. జోగే తల నిమిరి, "ఇంకొక్కపాలి చదువు బిడ్డా" అన్నాడు, అంతే. ఆ పిల్ల ఆ పూట ఆ పేరు ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు.

జ్ఞానప్రసూన సైకిలెక్కుతుంటే బండి వెనకాలే వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "చాక్‌పీసు వానొస్తే పోతది గద. పోనిది ఏమన్న ఉంటదా మీ కొట్ల?"

తొలకరికి ముందే బాట పక్కన కేసా రాయి లేచింది. చెన్నకేశవులు గొణుక్కుంటూనే ఇచ్చిన నల్లరంగు డబ్బాతో, ఆ రాయి మీద పేరు దేవేనే రాసింది. చివరి గీత బాగా పక్కకు వాలిపోయింది. జ్ఞానప్రసూన పక్కనే నిలబడి చూసింది గానీ, దిద్దలేదు.