భూమి అదిరినప్పుడు ఏం చేస్తా ఉంటిమి

పదో తరగతిలో నేను ఇంగ్లీషు ఒక్కటి తప్పినాను. మా నాయనది శ్రీనివాసపురం పక్క మామిడి తోపు. చదివింది చాల్లే అని ఆ ఏడే పెండ్లి చేసి నన్ను కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కి పంపించినాడు. మా అత్తగారివాళ్లకు రాబర్ట్‌సన్‌పేట బజారులో సరుకుల అంగడి ఉండేది. అప్పటికి గనులు సర్కారు చేతికొచ్చి చానా ఏండ్లయింది. లోపల బంగారం తగ్గిపోతా ఉందని అంగడికొచ్చినవాళ్లు చెప్పుకునేవాళ్లు. అయినా షిఫ్టు సైరన్ వేళ తప్పకుండా కూసేది. గనిలో పని లేని మేము కూడా దాన్ని బట్టే పొయ్యి వెలిగించేవాళ్లం.

పరీక్ష మళ్లా రాయమనింది మా అత్త. ఆమె ఏమీ చదువుకోలేదు, సంతకం మాత్రం చేసేది. ఏ పనైనా సగంలో ఆగిపోతే ఆమెకు నిద్ర పట్టదు. పూలదండ సగం కట్టి లేస్తే కూడా కసురుకునేది. ఆరు సబ్జెక్టుల్లో అయిదు దాటి ఒకటి వదిలేయడం ఆమెకు అట్లాంటిదే. మామను ఆమే ఒప్పించింది. ట్యూషన్ చెప్పే టీచరమ్మను కూడా ఆమే వెతికింది.

టీచరమ్మ తమిళామె. గనిలో పనిచేసేవాళ్ల పిల్లల బడిలో ఏండ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. ఆమె భర్త భూమి లోపల పని చేసిన మనిషి, పోయి రెండేండ్లయింది. అండర్సన్‌పేటలో చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇంట్లో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, మాతో తెలుగు. ఆ తెలుగులో కన్నడం కూడా కలిసేది.

కొత్త కోడలిని ఒంటిగా పంపకూడదని మా అత్త కూడా వచ్చేది. మధ్యాహ్నం అన్నాలయినాక ఇద్దరం నడిచిపోయేవాళ్లం. నేను లోపల బల్ల దగ్గర కూర్చుంటే, ఆమె వాకిట్లో చింతపండు ముందు పోసుకుని గింజలు తీస్తా కూర్చునేది. తీస్తానే లోపలి మాటలన్నీ వినేది.

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది వైల్, వెన్ పాఠం. జరిగిపోయిన కాలంలో రెండు పనులు ఒకేసారి సాగతా ఉంటే ఎట్లా చెప్పాలి, ఒకటి సాగతా ఉండంగా ఇంకొకటి చటుక్కున జరిగితే ఎట్లా చెప్పాలి అని. మన భాషలో అదంతా మాట చివర్నే ఉంటుంది. వండతా ఉంటే, నడస్తా ఉండంగా, అంతే. ఇంగ్లీషులో ఆ మాట ముందే వచ్చి నిలబడాలంట. నేను అలవాటు కొద్దీ దాన్ని తీసుకుపోయి వెనక తగిలించేదాన్ని. 'ఐ వాజ్ కుకింగ్ వైల్, హీ కేమ్' అని రాసినాను. టీచరమ్మ తిట్టలేదు. మీ తెలుగువాళ్లు అందరూ ఇట్లే రాస్తారు, మా అరవం పిల్లలు కూడా ఇంతే అని చెప్పి, ఎర్ర సిరాతో దాన్ని ముందుకు మార్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఏర్ బ్లాస్ట్ వచ్చింది. గనిలో చానా లోతున రాయి మీద బరువు ఎక్కువై, ఉన్నట్టుండి పగిలిపోతే దాన్ని ఊరివాళ్లు అట్లా అనేవాళ్లు. పైన ఇండ్లన్నీ ఒక్క క్షణం అదిరిపోతాయి. మా వంటింటి అరలో గ్లాసులు గలగలమని, ఒకటి కింద పడింది. వీధిలో ఆడవాళ్లు బయటికొచ్చి గని పక్క చూస్తా నిలబడినారు. ఆ పూట ఎవరికీ ఏమీ కాలేదని గంటలోపలే తెలిసింది.

మరుసటి రోజు టీచరమ్మ అదే హోంవర్కు ఇచ్చింది. భూమి అదిరినప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తా ఉండినారో అడిగి రాసుకురమ్మనింది. అడిగినాను. మా అత్త తల దువ్వుకుంటా ఉండిందంట. మామ ఎవరికో ధనియాలు తూచతా ఉండినాడంట. నేను పాలు కాస్తా ఉంటిని. మా ఆయన సరుకు కోసం బంగారుపేట పోయి ఉన్నాడు. అడిగితే నవ్వినాడు. స్టేషన్ బయట టీ తాగతా ఉండినానేమో, నాకు తెలీనే తెలీదు, తెలీనిదాన్ని ఎట్లా రాస్తావు అన్నాడు. అదే రాసినాను.

టీచరమ్మ ముందర చదివినాను. అత్త వాక్యం, మామ వాక్యం అయినాయి. 'వెన్ ద గ్రౌండ్ షేకెడ్, మై హస్బెండ్ వాజ్ డ్రింకింగ్ టీ ఇన్ బంగారుపేట. హీ డిడ్ నాట్ నో' అని చదివి తలెత్తినాను. ఆమె కండ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఉండింది. నేనేదో పెద్ద తప్పే రాసినాననుకున్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏండ్ల కింద, బడిలో ఇదే పాఠం చెప్తా ఉండిందంట. ఒక ఆడపిల్ల లేచి, మా తాత పూజ చేస్తా ఉంటే మేక ఆయన తువ్వాలు తింటా ఉండింది అని ఇంగ్లీషులో చదివింది. క్లాసంతా నవ్వినారు. టీచరమ్మ బల్ల పట్టుకుని, కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే బెంచీలు అదిరినాయి. కొంతసేపటికి వేళ కాని వేళ సైరన్ మోగింది. ఆ పిల్లల నాయనలు చానామంది లోపలే ఉన్నారు. బయటికి వదిలితే గని గేటు దగ్గర తొక్కిసలాటలో పడతారని ఎవరినీ లేవనీలేదు. వాక్యాలు రాయమని చెప్పి, రాసిందే మళ్లా రాయించింది. తన భర్త కూడా ఆ షిఫ్టులోనే దిగినాడు. నడుము దాకా రాళ్ల కింద చిక్కుకున్నాడు. సాయంత్రానికి పైకి తెచ్చినారు. బతికినాడు గానీ, చనిపోయేదాకా కుంటుతానే నడిచినాడు.

బతికినన్నాళ్లు ఆయన ఒక్కటే అడిగేవాడంట. ఆ గడియలో నాకు నువ్వే జ్ఞాపకం వచ్చినావు, నువ్వేం చేస్తా ఉంటివి అని. దేవుడికి మొక్కుకుంటా ఉంటిని అని చెప్పేదంట. ఎప్పుడడిగినా అదే చెప్పింది.

అప్పుడు నా వైపు కాకుండా వాకిలి వైపు చూసి, తెలుగులో అనింది.

"ఆయన రాయి కింద ఉండంగా, నేను నవ్వతా ఉంటిని."

వాకిట్లో చింతగింజలు పడే చప్పుడు ఆగిపోయింది. మా అత్త లేచి వచ్చి గడప దగ్గర కూర్చునింది. చేతులకు చింతపండు జిగురు అట్లే ఉంది.

"టీచరమ్మా," అనింది, "ఇద్దరూ రాయి కిందే ఉండల్లనా? ఒగరన్నా నవ్వతా ఉండినారు గదా. మంచిదే."

టీచరమ్మ లేచింది. కొంగుతో మొగం తుడుచుకుని లోపలికి పోయి ముగ్గురికీ కాఫీ కలుపుకొచ్చింది. కాఫీ తాగినాక నా పుస్తకం తీసుకుని, 'షేకెడ్' కొట్టేసి 'షుక్' అని దిద్దింది. ఆ పొద్దు ఇంక పాఠం జరగలేదు.

దాని తర్వాత మా అత్త వాకిట్లో కూర్చోవడం మానేసింది. లోపలే ఒక మూల చేరింది. నాకు వ్యాసం రాయమని ఇచ్చి వాళ్లిద్దరూ మాటల్లో పడేవాళ్లు. ఒకరి మాటలో సగం ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. అయినా మేక కథ టీచరమ్మ చేత మళ్లీ మళ్లీ చెప్పించుకునేది మా అత్త. మొదట్లో టీచరమ్మ తడబడతా చెప్పేది. తర్వాత తర్వాత మేక మాదిరి దవడ ఆడించి చూపించేది. భర్త ఫొటో ఉన్న గోడ కిందే కూర్చుని ఆమె అట్లా నవ్వడం చూస్తా ఉంటే, నా పెన్ను ఆగిపోయేది.

ఆ తడవ పరీక్ష పాసైనాను. తర్వాత టీచరు ట్రైనింగు చదివి, బంగారుపేట పక్క ఒక పల్లె బడిలో చేరినాను. టీచరమ్మకు పెద్దతనం వచ్చి, వేలూరు పక్క ఉన్న చెల్లెలి ఇంటికి పోయింది. రైలెక్కించడానికి నేనూ మా అత్తా పోయినాము. బండి కదిలే ముందు ఇద్దరూ కిటికీ దగ్గర చేతులు పట్టుకుని, రాగుల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

టీచరమ్మ నెలకో జాబు రాసేది, ఇంగ్లీషులో. నేను చదివి తెలుగులో చెప్తే మా అత్త వినేది. తిరుగు జాబు ఆమె తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు అట్లా జరిగిపోయేవి. ఒక్కో వాక్యానికి నేను చానాసేపు తీసుకుంటే, గోడకు ఆనుకుని అట్లే కునుకు తీసేది. లేపకుండా, ఆమె చెప్పినట్టుగా నాలుగు మాటలు నేనే కల్పించి రాసి అంటించేదాన్ని. ఏమేం రాసినానో ఇప్పుడు ఒక్కటీ జ్ఞాపకం లేదు.