యాదగిరన్న దాచిన ఆఖరి బ్రేక్ షూలు

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ కడుతుంటే వదిన ఫోన్.

"చెల్లె... మీ అన్న లేస్తలేడు."

అంతే. చేతిలో ఉన్న మూత ఎక్కడ పడేశానో ఇప్పటికీ తెలీదు.

గౌలిపురలో మా వెనక గల్లీ యాదగిరన్న ఇక లేడు. నిద్రలోనే హార్ట్ ఎటాక్ అన్నారు. మొన్న సాయంత్రం కూడా నా బండి చైన్ చూసి "గింత లూజ్ పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవ్?" అని తిట్టాడు. నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. అన్న ఒక వర్క్‌షాప్ స్టోర్స్‌లో చేసి రిటైరయ్యాడు. ఆయనదీ, మా బాపు నాకు వదిలి వెళ్ళినదీ ఒకే మోడల్ పాత మోటార్‌సైకిల్. ఆ మోడల్ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. డూప్లికేట్ బ్రేకులను అన్న నమ్మడు గాక నమ్మడు.

అందుకే ఎక్కడ ఒరిజినల్ కనిపించినా తెచ్చి బీరువాలో దాచేవాడు. వదిన చీరలకు ఒక్క అర. మిగతావన్నీ బండి సామాన్లే!

ఆ దాచడం చూడాలి మీరు. బ్రేక్ షూలను ఖాకీ కాగితంలో చుట్టేవాడు. ప్లాస్టిక్ కవరంటే మంట, వానాకాలం లోపల చెమ్మ పడుతుందని. స్ప్రింగులకు పల్చగా గ్రీజు. రబ్బరు సీళ్ళకు పౌడర్ అద్ది, ఎండ తగలకుండా వేరే డబ్బాలో. కేబుళ్ళు మడత పడకుండా పెద్ద చుట్టలు. పసిపిల్లకు స్నానం చేయించేంత ఓపిక.

ఒకటే కండిషన్. షూలకు నూనె చుక్క కూడా తగలొద్దు, తగిలితే బ్రేక్ పట్టదు.

ఓ దసరాకు అన్న చుట్టాలింట్లో పెళ్ళికని ఊరెళ్ళాడు. పాపం వదిన, ఆయన లేకపోయినా ఆయుధపూజ తప్పకూడదని సామానంతా విప్పి, తుడిచి, కొబ్బరినూనె రాసి, పసుపు కుంకుమ పెట్టింది. షూలకైతే ఇంకాస్త ఎక్కువే రాసింది, పొడిబారినట్టున్నాయని!

అన్న వచ్చి చూశాడు. గల్లీ అంతా లొల్లి కోసం చెవులు రిక్కించింది.

షూలను పెట్రోల్‌తో కడిగాడు. ఎండబెట్టాడు. బండికున్న అరిగినవి తీసేసి ఒక జత వేసి, నడుపుతూ బ్రేక్ తొక్కి చూశాడు. ఇంటి ముందు ఆగాల్సిన బండి పాలోళ్ళ బర్రె దగ్గర ఆగింది. అదీ బర్రె అడ్డం నిలబడింది కాబట్టి.

వదినకు ఏడుపొక్కటే తక్కువ. అన్న పగలబడి నవ్వాడు.

"ఏం ఫికర్ చెయ్యకే. దేవునికి నూనె మస్తు ముట్టింది. ఇగ బండిని గాయ్నే ఆపుతడు."

ఎన్నేళ్ళ కష్టమో అది. అలా నవ్వడానికి ఎంత మనసుండాలి!

బీరువా మూలన వదిన కంట పడని జత ఒక్కటి మిగిలింది.

ఆ చలికాలమే నా బండి బ్రేక్ పూర్తిగా అరిగింది. పాపను దానిమీదే హుస్సేనీ ఆలం స్కూల్లో దింపాలి. బాపు బండి అమ్మడానికి మనసొప్పలేదు. అన్న ఆ ఆఖరి జత తెచ్చి, నేను వద్దంటున్నా వినకుండా బిగించేశాడు.

"మరి నీ బండికి అన్నా?"

"మీ వదిన ఆటోలనే పోతది. నా వెనక కూసునేటోళ్ళు ఎవ్వరు లేరు. నీ వెనక బిడ్డ ఉంటది. నేను నడుస్త తీ."

నిజంగానే నడిచాడు. కూరగాయలకు, గుడికి, రేషన్‌కు. ఆయన బండి గేటు లోపల గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. ఆ మాట మా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నిన్న సాయంత్రం అన్నను సాగనంపాక, సైదాబాద్‌లో మా అక్క దగ్గర ఉంచిన పాపను ఎక్కించుకుని వస్తున్నాను. కళ్ళలో నీళ్ళు, రోడ్డు సరిగా కనిపించట్లేదు. సందులోంచి ఒక ఆటో సర్రున అడ్డం వచ్చింది.

తొక్కాను.

బండి ఆగింది. ఆటోకు జానెడు దూరంలో.

పాప నా నడుం గట్టిగా పట్టుకుని "అమ్మా, ఏం కాలే" అంది. వెనక హారన్లు కొడుతూనే ఉన్నారు. నడిరోడ్డు మీదే బోరున ఏడ్చేశాను.

మస్తు నడిచినవ్ అన్నా. ఇగ నిమ్మలంగ కూసో.

నీ మనసుకు తగ్గ శాంతి నీకు దొరకాలి.